కావలి తీరంలో ఒక కోర్గీ: నడుం నొప్పి కేసు, దాని వెనకున్న పెంపకం

చెర్రీ నాలుగేళ్ల మగ కుక్క, జాతి పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ, బరువు 16.8 కిలోలు. నడుం పైకి వంచుకుని, వెనక కాళ్లు తడబడుతూ, పక్కటెముకల చివర చెయ్యి పెడితే అరుస్తూ క్లినిక్‌కి వచ్చింది. ఊరు నెల్లూరు జిల్లా కావలికి తూర్పున, సముద్రం వైపు. ఇంట్లోవాళ్లకి రొయ్యల చెరువులు, దొడ్లో ఒంగోలు ఆవులు ఉన్నాయి. కుక్కని కొన్నది బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు. బిడ్డ పుట్టాక, అపార్ట్‌మెంట్ మారాక తెచ్చి అమ్మానాన్నల దగ్గర వదిలాడు. ఇలా నగరాల నుంచి మన ఊళ్లకి చేరే కుక్కలు నా క్లినిక్‌లో ఎక్కువవుతున్నాయి. మొదట హస్కీలు వచ్చాయి, తర్వాత షిట్జూలు, ఇప్పుడు కోర్గీలు.

"ఆవు తన్నినట్టుండాది సార్" అన్నాడు ఇంటి పెద్దాయన. "దొడ్లోకి పోయి వాటి కాళ్లెంటపడి కొరకతా ఉంటాది. ఏదో ఒకటి తన్నుంటాది."

ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఈ కుక్క పుట్టిందే ఆ పనికి. బ్రిటన్ పడమటి అంచున వేల్స్ దేశంలోని పెంబ్రోక్‌షైర్‌లో రైతులు పశువుల్ని తోలడానికి పెంచిన జాతి ఇది. ఎత్తు భుజం దగ్గర 25 నుంచి 30 సెంటీమీటర్లు. వెనక నుంచి వెళ్లి మడమ దగ్గర చిన్నగా కొరుకుతుంది. ఆవు కాలు విసిరితే నేలకి అతుక్కుపోతుంది, తన్ను తల మీదుగా పోతుంది. పొట్టి కాళ్లు అందం కోసం వచ్చినవి కావు, ఆ పనిలో ప్రాణం కాపాడినవి. దీనికి దగ్గరి జాతి కార్డిగన్ వెల్ష్ కోర్గీ. అది కాస్త పెద్దది, పొడుగు తోకది. 1934లో కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ రెంటినీ వేర్వేరు జాతులుగా లెక్కించింది. ఎలిజబెత్ రాణి ఇంట్లో 1933 నుంచి కోర్గీలు ఉండటంతో ప్రపంచానికి తెలిసింది పెంబ్రోక్. మన దగ్గర అమ్మకానికి వచ్చేవీ ఎక్కువగా అవే.

చెర్రీకి ఆవుల మడమలు పట్టడం ఎవరూ నేర్పలేదు. పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ల కాళ్లూ పడుతుంది, బండి చక్రం వెంటా పడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకున్నారు. అది పొగరు కాదు, రక్తంలో ఉన్న పని. కొట్టినంత మాత్రాన మానదు. బంతో బొమ్మో ఇచ్చి దృష్టి మళ్లించాలి, పిలిస్తే వచ్చేలా చిన్నప్పటి నుంచే అలవాటు చెయ్యాలి. దొడ్డి గేటు వేసి ఉంచాలి. వేల్స్ పశువు సంగతి నాకు తెలియదు గానీ, దూడ పక్కనున్న ఒంగోలు ఆవు ముందు ఈ ఆట ఆడనివ్వకూడదు.

అయితే ఈసారి తప్పు ఆవుది కాదని పరీక్షలోనే అర్థమైంది. ఒంటి మీద దెబ్బ తగిలిన ఆనవాలు లేదు. పక్కటెముకలు, పొట్ట బాగున్నాయి. వెన్ను మీద ఒక్కో పూసనీ వేలితో నొక్కుతూ వస్తే చివరి పక్కటెముక దగ్గర మాత్రం గట్టిగా బిగుసుకుంది. వెనక పంజాని మడిచి, పైభాగం నేలకి ఆనేలా పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఆ క్షణమే సరిచేసుకుంటుంది. చెర్రీ పంజా మడతలోనే ఉండిపోయింది, తేరుకోవడానికి రెండు మూడు సెకన్లు పట్టింది. మోకాలి రిఫ్లెక్స్ బాగానే ఉంది, ముందు కాళ్లలో ఏ లోపమూ లేదు. అంటే ఇబ్బంది వీపు, నడుం కలిసే చోట ఉంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, పూస జరగలేదు. చివరి వీపు పూసకీ మొదటి నడుం పూసకీ మధ్య ఖాళీ మాత్రం పక్కవాటికంటే ఇరుకుగా కనిపించింది.

ఇది డిస్క్ జబ్బు. కచ్చితంగా తేల్చాలంటే ఎమ్మారై కావాలి. అది కావలిలో కుదరదు. కానీ జాతి, వయసు, నొప్పి ఉన్న చోటు, పంజా పరీక్ష, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు వైద్యం మొదలుపెట్టడానికి అది చాలు.

పూసల మధ్య ఉండే డిస్క్‌ని కజ్జికాయ అనుకోండి. బయట గట్టి పొర, లోపల మెత్తటి పూర్ణం. మామూలు కుక్కల్లో ఆ పూర్ణం ముసలితనం దాకా మెత్తగానే ఉంటుంది. కోర్గీ, డాష్‌హండ్ లాంటి పొట్టి కాళ్ల జాతుల్లో చిన్న వయసులోనే ఎండి గట్టిపడుతుంది. ఏదో ఒక రోజు పొర చిట్లి ఆ గట్టి ముద్ద పైనున్న వెన్నుపాము మీదికి తోసుకొస్తుంది. సోఫా మీంచి దూకడమో, గ్రానైట్ నేల మీద జారడమో ఆఖరి సాకు మాత్రమే.

దీని మూలం జన్యువులో ఉంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు ఒకటి పద్దెనిమిదో క్రోమోజోమ్‌లో చేరడం వల్ల కోర్గీ లాంటి జాతులకి కాళ్లు పొట్టిగా వస్తాయని 2009లో తేలింది. అదే జన్యువు మరో నకలు పన్నెండో క్రోమోజోమ్‌లోనూ ఉంటుందని, కాళ్లు ఇంకాస్త పొట్టి కావడంతో పాటు డిస్క్‌లు తొందరగా చెడటానికి అదే కారణమని 2017లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఈ రెండో నకలు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కటి వచ్చినా డిస్క్ ముప్పు ఉంటుంది. పెంబ్రోక్‌లలో అది చాలా మామూలు. కాబట్టి చెర్రీకి ఈ జబ్బు రావడం వింత కాదు. నాలుగేళ్లకే, ఇంత నొప్పితో రావడానికి మాత్రం ఇంటి నుంచి సాయం అందింది. ఆ సంగతి బరువు దగ్గర చెబుతాను.

ఈ జబ్బుని అయిదు మెట్లుగా చూస్తాం. నొప్పి మాత్రమే ఉంటే మొదటిది. తడబడుతూ అయినా నడిస్తే రెండోది. లేవలేక కాళ్లు కాస్త కదిలిస్తే మూడోది. అసలు కదలకపోతే నాలుగోది. వేలి ఎముకని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కినా తెలియకపోతే అయిదోది. చెర్రీ రెండో మెట్టులో ఉంది. ఆ దశలో చాలా కుక్కలు ఆపరేషన్ లేకుండానే కోలుకుంటాయి. నాలుగు, అయిదు మెట్లలో గంటలు లెక్కే. అయిదో మెట్టులో ఆపరేషన్ చేసినా సుమారు సగం కుక్కలే మళ్లీ నడుస్తాయి.

ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్న కేసే. ముడి ఆ తర్వాత పడింది.

పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. పొట్ట చర్మం మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు. చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 78,000. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి రెండు లక్షల పైన ఉండాలి. ఎర్లీకియా ర్యాపిడ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. మన ప్రాంతంలో టిక్ ఫీవర్ అనేది దీన్నే. మళ్లీ మళ్లీ అడిగితే పెద్దామె ఇంకో మాట చెప్పింది. కుక్క రెండు రోజుల ముందు నుంచే మెట్టెక్కడానికి వెనకాడుతోంది. మందుల షాపులో అడిగితే మనుషుల డైక్లోఫెనాక్ మాత్ర ఇచ్చారు. సగం సగం చేసి పెరుగన్నంలో కలిపి పెట్టారు. దొడ్డికి నల్లగా పోతోంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. దొడ్డి తారులా నల్లబడిందంటే లోపల రక్తం కారుతోందని లెక్క. అసలే ప్లేట్‌లెట్లు తక్కువ. డిస్క్ నొప్పికి నేను మామూలుగా మొదట రాసేది కుక్కలకి వాడే మెలాక్సికామ్ లాంటి మందు. ఈ పరిస్థితిలో దాని జోలికి వెళ్లే వీలు లేదు. కొందరు వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసేస్తారు. ఆ రకం నొప్పి మాత్ర పడ్డ కడుపు మీద స్టెరాయిడ్ వేస్తే పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉంది. పైగా డిస్క్ జబ్బు మొదలైన కొత్తలో స్టెరాయిడ్ వల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు, వాడొద్దనే ఇప్పటి నిపుణుల మాట.

అందుకని నొప్పికి గాబాపెంటిన్ కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు రాశాను. కడుపుకి ఒమెప్రజోల్, సుక్రాల్‌ఫేట్. టిక్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్ రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. ఇందులో ఇంట్లోవాళ్లకి పేపర్ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చిన సంగతి ఒకటుంది. సుక్రాల్‌ఫేట్, డాక్సీసైక్లిన్ కలిపి ఇవ్వకూడదు. రెండోది వేశాక కనీసం రెండు గంటలు ఆగి మొదటిది వెయ్యాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. పాలలో, పెరుగులో కూడా కలపొద్దు. మన ఇళ్లలో ఏ మాత్రకైనా పెరుగన్నమే దారి కనుక ఇది నొక్కి చెప్పాల్సి వచ్చింది. మాత్రని చిన్న చికెన్ ముక్కలో పెట్టి, మింగాక నీళ్లు తాగించమన్నాను. డాక్సీసైక్లిన్ గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

అసలు మందు మాత్రం విశ్రాంతి. కనీసం నాలుగు వారాలు బోనులో ఉండాలి. పెద్దాయన రెండు రోజుల్లో ఇనప పైపులకి, రొయ్యల చెరువు గట్టున పీతలు రాకుండా కట్టే వల బిగించి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు కట్టేశాడు. కింద ఆవుల కొట్టంలో వాడే రబ్బరు మ్యాట్ ముక్క. అంత మంచి బోను బజార్లో కూడా దొరకదు. దొడ్డికి, మూత్రానికి మాత్రమే బయటికి తేవాలి. అప్పుడూ పాత తువ్వాలు పొట్ట కింద నుంచి పట్టుకుని, అయిదు నిమిషాల్లో మళ్లీ లోపలికి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిర్రల కింద ఉండి వెన్ను నేలకి సమానంగా ఉండాలి. చంకల్లో చేతులు పెట్టి పసిబిడ్డని లేపినట్టు ఎత్తకూడదు. కోర్గీని పెంచే ఇంట్లో జబ్బున్నా లేకున్నా అందరూ ఇది నేర్చుకోవాలి.

నిలబడలేకపోయినా, మూత్రం పోకుండా పొట్ట ఉబ్బినా, తెలియకుండానే మూత్రం కారినా నాకు ఫోన్ చేసి ఎదురు చూడకుండా బండెక్కమని చెప్పాను. చెన్నైలో వేపేరి పశువైద్య కళాశాల, లేదా తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ. నెల్లూరోళ్లకి పెద్ద జబ్బంటే చెన్నై గుర్తొస్తుంది కనుక దారి చెప్పనక్కర్లేదు. ఆ అవసరం రాలేదు. మొదటి వారం చివరికి నల్ల దొడ్డి ఆగింది, ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయి, నడకలో తడబాటు తగ్గింది.

అసలు తలనొప్పి అప్పుడే మొదలైంది. "బాగయింది గదయ్యా, ఇంగ వదిలేద్దామా? మొకం చూస్తే పాపంగా ఉండాది" అంది పెద్దామె. నొప్పి తగ్గిన కుక్క గెంతుతుంది, చిట్లిన పొరకి అతుక్కోవడానికి వారాలు కావాలి. రెండోసారి చిట్లి కాళ్లు పడిపోయిన కుక్కల్లో చాలావాటిని ఇలా జాలితోనే ముందుగా వదిలేసి ఉంటారు. బోను పక్కనే మంచం వేసుకుని కూర్చోమన్నాను. ఆమె పగలంతా అక్కడే కూర్చుంది. కుక్క కుదురుగా ఉండటానికి అది నా గాబాపెంటిన్ కంటే బాగా పనిచేసిందని నా నమ్మకం.

ఇక బరువు. పెంబ్రోక్ మగ కుక్క 12 కిలోల దగ్గర ఉండాలి, 13న్నర దాటితే ఎక్కువ. చెర్రీ నాలుగు కిలోల పైనే అదనంగా మోస్తోంది. పొడుగు నడుం, పొట్టి కాళ్లు, మధ్యలో వేలాడే పొట్ట: ఆ భారమంతా పడేది వీపు, నడుం కలిసే పూసల మీదే. జన్యువుని మార్చలేం, బరువుని మార్చగలం. ఈ జాతి పెంపకంలో యజమాని చేతిలో ఉన్న అతి పెద్ద మందు తక్కెడే. చెయ్యి పెడితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుం కనపడాలి. చెర్రీకి రెండూ లేవు.

రోజూ ఏం పెడుతున్నారని అడిగితే మొదట "ఏముంది సార్, రెండు పూట్లా పెరుగన్నం" అన్నారు. కూర్చుని లెక్కేశాం. రెండు పూటలకి అరకిలో దాకా అన్నం, అంటే 650 కిలో కేలరీలు. గేదె పెరుగు, పైన నెయ్యి. పొద్దున టీ పూట బిస్కెట్లు. ఆదివారం చికెన్ చర్మం. మొత్తం 1,100 దాటింది. 12 కిలోలకి దిగాల్సిన కుక్కకి రోజుకి సుమారు 450 చాలు. అంటే ఒక రోజులో రెండు రోజుల తిండి పైనే పడుతోంది. అందులో మాంసకృత్తులు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ.

"దానికి పెట్టకండా మేమెట్టా తినేది?" అని ఆమె ప్రశ్న. అందుకే పూర్తిగా మాన్పించలేదు, మార్చాను. తూకం వేసి 100 గ్రాముల డాగ్ ఫుడ్, 50 గ్రాముల ఉడికించిన చికెన్, ఇవి రెండు పూటలకి. వాళ్లు తినేటప్పుడు పెట్టడానికి ఉడికించిన బీన్స్, సొరకాయ, కీరా ముక్కలు. ఉప్పు, నూనె, ఉల్లిపాయ లేకుండా. ఉల్లిపాయ కుక్క రక్తకణాల్ని చంపుతుంది, మన కూర ఏదీ అది లేకుండా ఉండదు కనుక కూర మెతుకులు పెట్టకపోవడమే క్షేమం. పంచదారకి తక్కెడ వాడే ఇల్లే అది, రొయ్యల మేత లెక్క పుస్తకం రాసే ఇల్లే. కుక్కకి కూడా ఒక పేజీ కేటాయించారు. వారానికి ఒక శాతం చొప్పున తగ్గితే చాలన్నాను, తొందర లేదు.

బరువు ఇంతగా పెరగడానికి తిండి ఒక్కటే కారణం కాదు, ఎండ కూడా. మార్చి నుంచి జూన్ దాకా కుక్కని బయటికి తీసుకెళ్లడం మానేశారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకి భయపడటం సబబే. కుక్కకి చెమట పంజాల్లో తప్ప పట్టదు. రొప్పుతూ నోటి తడితోనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. తీరంలో గాలి తేమగా ఉంటే ఆ తడి ఆరదు. కోర్గీకి ఇంకో ఇబ్బంది, పొట్ట నేలకి జానెడు దూరంలోనే ఉంటుంది. సిమెంటు రోడ్డు వేడి సూటిగా పొట్టకి కొడుతుంది. అందుకని నడక పొద్దున్నే ఆరులోపు, లేదా సూర్యుడు దిగి రోడ్డు చల్లారాక. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఇంటికి తిరగాలి. రొప్పు ఆగకుండా, నాలుక ముదురు ఎరుపెక్కి, తూలుతుంటే వడదెబ్బే. ముందు మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాన్ కింద పెట్టాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకురావాలి.

ఒంగోలు పశువు 19వ శతాబ్దంలో సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లింది. మన జిల్లా పేరు మీదే అక్కడ నెలోర్ అయ్యి, ఆ దేశపు ఎండల్లో మందలు మందలుగా స్థిరపడింది. తెల్లటి పొట్టి వెంట్రుక, వదులు చర్మం దానికి కలిసొచ్చాయి. కోర్గీ ప్రయాణం ఎదురు దిశలో జరిగింది. వేల్స్ వాన, చలి తట్టుకోవడానికి దానికి రెండు పొరల బొచ్చు ఇచ్చారు. ఆ బొచ్చుతో వచ్చి ఒంగోలు ఆవు పక్కన మే నెలలో నిలబడింది.

బొచ్చు పూర్తిగా తీయించేద్దామా అని కావలిలో నన్ను అడగని కోర్గీ యజమాని లేడు. వద్దు. పైపొర ఎండనీ కొంత ఆపుతుంది. గుండు చేస్తే చర్మం కాలుతుంది, మళ్లీ వచ్చే వెంట్రుక అతుకులు అతుకులుగా వస్తుంది. వారానికి మూడు నాలుగుసార్లు దువ్వి లోపలి పొర రాలగొట్టాలి. ఏడాదికి రెండు సార్లు బొచ్చు గుప్పెళ్లతో రాలుతుంది, ఇల్లంతా వెంట్రుకలే, భరించక తప్పదు. తుమ్మలపెంట బీచ్‌కి తీసుకెళితే తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి, లోపలి పొర ఆరేదాకా తుడవాలి. తడి నిలిస్తే చర్మం పుండు పడుతుంది.

పిడుదులు ఆవుల నుంచి వచ్చాయని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. పశువు మీద ఎక్కువగా కనిపించే పిడుదు వేరు, కుక్క గోధుమరంగు పిడుదు వేరు. ఇది ఇంట్లోనే బతుకుతుంది. రక్తం తాగి రాలిపడి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటి మీంచి ఏరి పారేసినంత మాత్రాన అయిపోదు. చెర్రీ కాస్త కోలుకున్నాక 12 వారాలు పనిచేసే ఫ్లురలానర్ మాత్ర వేశాను. గూడు పక్క గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించాను. ఆవులకి కొట్టే మందు డబ్బా చూసి అదే కుక్కకీ కొడదామన్నారు, ఆపాను. పశువుకి సరిపోయే పాళ్లు ఇంత చిన్న కుక్కకి విషం కావచ్చు.

నాలుగు వారాల విశ్రాంతి అయ్యేసరికి పంజా మడిస్తే వెంటనే సరిచేసుకుంటోంది. డాక్సీసైక్లిన్ కోర్సు ముగిశాక ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. తర్వాత నడక మెల్లగా పెంచాం. సోఫా ముందు, ఉయ్యాల ముందు రబ్బరు మ్యాట్లు పడ్డాయి. అరుగు మెట్ల పక్కన ఇటుకలతో వాలు కట్టారు. మెడకి బెల్టు తీసేసి రొమ్ముకి తొడిగే హార్నెస్ వేశారు. ఆరు నెలలకి బరువు 12.9 కిలోలు.

అదే సమయంలో ఒంగోలు నుంచి ఆడ కోర్గీ ఉన్నవాళ్లు జత కోసం అడిగారు. ఇక్కడ ఈ కుక్కపిల్లకి లక్ష రూపాయల మాట వినిపిస్తోంది, పెద్దాయనకి ఆశ కలగడం సహజమే. నేను వద్దన్నాను. నాలుగేళ్లకే డిస్క్ చిట్లిన కుక్క ఆ గుణాన్ని పిల్లలకి పంచుతుంది. ఈ జాతిలో ఎస్‌ఓడీ1 జన్యువు వల్ల ముసలితనంలో వచ్చే ఇంకో వెన్ను జబ్బు కూడా ఉంది. నొప్పి లేకుండా, ఎనిమిదేళ్లు దాటాక మెల్లగా వెనక కాళ్లు పడిపోతాయి. దానికి మందు లేదు, ముందుగా తెలుసుకోవడానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. తల్లిదండ్రులకి ఆ పరీక్ష చేయించామని కాగితం చూపించే అమ్మకందారు నాకింకా తగల్లేదు. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ జాతి చెబుతుంది, వెన్ను సంగతి చెప్పదు. నన్నడిగితే మన తీరానికి ఈ జాతిని కొత్తగా తెచ్చుకోమని చెప్పను. ఇంటికి వచ్చేసిన కుక్క సంగతి వేరు.

చెర్రీ 12 కిలోలకి దిగాక, వినాయక చవితి తర్వాత సంతాన నిరోధక ఆపరేషన్ చేద్దామని ఒప్పుకున్నారు. ఆపరేషన్ అయ్యాక ఒంటికి తిండి అవసరం ఇంకా తగ్గుతుంది కనుక ఆ వారం నుంచే కొలత కొత్తగా వెయ్యాలి. ఆ లెక్క కూడా రొయ్యల పుస్తకంలో చెర్రీ పేజీలో రాసిచ్చాను.